కూరల అర కింద నీళ్ళు

మోకాలి ఆపరేషన్ అయ్యాక అచ్చక్క తమ్ముడింటికి వచ్చింది. ఆమె అద్దెకున్న గది మేడ మీద ఎక్కడో పైన. కొన్నాళ్ళపాటు మెట్ల జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఒక వయసు దాటాక అడగడం మానేశారు. పని చేసినన్నాళ్ళూ ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. తప్పు కంటపడితే ఎవరు రాసినా వదిలేది కాదు. అందుకే అక్కడి కంపోజింగు వాళ్ళు ఆమెకు అచ్చక్క అని పేరు పెట్టారు. అందులో కాస్త ఎత్తిపొడుపు ఉన్నా ఆమె దాన్ని ముద్దుపేరుగానే తీసుకుంది. పోను పోను చుట్టాలకూ అదే నోటికి అలవాటైంది.

తమ్ముడు ఒక పార్శిల్ ఆఫీసులో బుకింగు గుమాస్తా. మెత్తటి మనిషి. ఎవరితోనూ పేచీ పెట్టుకోడు, ఎవరికీ కాదని చెప్పడు. మరదలు బళ్ళో లెక్కల టీచరు. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది కాబట్టి ఇంట్లో ఉండేది ఇద్దరే. అయినా ఇల్లు చిన్నది. ఒక పడకగది, ఒక హాలు, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండని వంటిల్లు. అక్క వస్తుందని తమ్ముడు భార్యకు చెప్పాడే గానీ, రమ్మనమంటావా అని అడగలేదు. ఆ తేడా మరదలి మనసులో ముల్లులా ఉండిపోయింది. కాలు బాగాలేని మనిషిని వద్దనడానికి నోరు రాక ఊరుకుంది.

హాల్లో బాత్రూముకు దగ్గరగా ఉన్న గోడవార అచ్చక్కకు మంచం వేశారు. అక్కడ అదివరకు ఫ్రిజ్ ఉండేది. దాన్ని వంటింటి మూలకు మార్చారు. మరదలు బడి నుంచి వచ్చేసరికి మార్చడం కూడా అయిపోయింది. స్టవ్వు దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే మోచెయ్యి ఫ్రిజ్ తలుపుకు తగులుతోంది. ఆ మాట ఆవిడ పైకే అంది. తమ్ముడు నవ్వి, నాలుగు రోజులు సర్దుకుంటే అదే అలవాటవుతుందన్నాడు.

అచ్చక్క వచ్చిన వారం తిరక్కుండానే ఫ్రిజ్‌లో కూరల అర కింద నీళ్ళు కనిపించాయి.

ముందు చూసింది మరదలే. పొద్దున్నే బెండకాయలు తీయబోతే అడుగు అర బరువుగా జారింది. దాని కింద పళ్ళెంలో పోసినట్టు నీళ్ళు. కొత్తిమీర కట్ట నాని నల్లబడింది. ఆవిడ గుడ్డతో తుడిచి, గుడ్డ పిండి, మళ్ళీ తుడిచి బడికి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ అవే నీళ్ళు. మూడో నాడు తుడుస్తున్నప్పుడు హాల్లోకి వినపడేలా నిట్టూర్చింది.

మొదట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరో వేడి గిన్నె చల్లారకుండా లోపల పెట్టినట్టున్నారు అని మరదలు గోడతో అన్నట్టు అంది. వేడి గిన్నె పెట్టే అలవాటు అచ్చక్కకు లేదు. ఆ ముక్క చెబితే, మరైతే ఎవరు పెట్టారు అనే ప్రశ్న వస్తుందని ఊరుకుంది. తర్వాత తలుపు సంగతి వచ్చింది. అచ్చక్క మోకాలికి రోజుకు కొన్నిసార్లు ఐసు పెట్టుకోవాలి. ఆసుపత్రి వాళ్ళిచ్చిన నీలిరంగు ఐసు సంచీ పైనున్న ఫ్రీజరులో ఉండేది. దాని కోసం చేతికర్ర పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, ఒక చేత్తో తలుపు తీసి, సంచీ అందుకుని, కర్ర జారకుండా చూసుకుంటూ తలుపు నెట్టేది. ఆ నెట్టడంలో తలుపు పూర్తిగా పడి ఉండదని మరదలు తేల్చింది.

అందులో నిజమెంతో చూద్దామని అచ్చక్కే ఒక రోజు పనిగట్టుకుని పరీక్ష చేసింది. తలుపు రబ్బరుకూ అంచుకూ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూసింది. చుట్టూ ఎక్కడ పెట్టినా కాగితం ఊడిరాలేదు. బిగువుగా పట్టుకునే ఉంది. రబ్బరు బాగానే ఉందన్నమాట. పాత న్యూస్‌పేపరు మడిచి కూరల అర కింద పరిచింది. సాయంత్రం తీసి చూస్తే ముందువైపు పొడిగా ఉంది, వెనకవైపు నానిపోయి చేతికి ముద్దలా వచ్చింది. నీళ్ళు తలుపు దగ్గర్నుంచి కాదు, వెనక గోడ మీది నుంచి దిగుతున్నాయి. ప్రెస్సులో తప్పు ఏ పేజీలో మొదలైందో వెనక్కి వెనక్కి వెతుక్కుంటూ పోయేది. ఇదీ అలాంటిదే అనుకుంది.

తమ్ముడు ఆఫీసు నుంచి రాగానే ఆ తడి కాగితం చూపించింది. నీళ్ళు వెనక నుంచే వస్తున్నాయనీ, ఫ్రిజ్‌ను ఒకసారి ముందుకు లాగించి వెనకేముందో చూడాలనీ, లేదా మెకానిక్‌ను పిలవాలనీ చెప్పింది.

తమ్ముడు కాగితం వంక చూశాడు. తర్వాత ఆమె కాలి వంక చూశాడు.

“నువ్వు అలా వంగొద్దక్కా. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఇవన్నీ నేను చూసుకుంటాగా,” అన్నాడు.

ఆ మాటలో ఉన్న ప్రేమకు అచ్చక్క కళ్ళు చెమర్చాయి. ఆపరేషన్ అయ్యాక ఆమెకు అలా ఊరికే కళ్ళు చెమర్చడం అలవాటైపోయింది. తమ్ముడు మాత్రం ఏమీ చూసుకోలేదు. రెండు రోజులాగి ఆమె మళ్ళీ గుర్తుచేస్తే, ఎండాకాలంలో మెకానిక్‌లు ఫోను ఎత్తరన్నాడు. ఇంకోసారి అడిగితే, ఫ్రిజ్ అన్నాక నీళ్ళు కారకుండా ఉంటుందా అని హాస్యమాడాడు.

ఈలోగా మరదలి మాటకు పదును పెరుగుతూ వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పొద్దున్నే లేచి ముగ్గురికీ వండి, బడిలో నిలువుకాళ్ళ మీద పాఠాలు చెప్పి, ఇంటికి రాగానే నేల మీద కూర్చుని ఫ్రిజ్ అడుగు తుడవాల్సి వస్తోంది. ఆ తుడిచే గుడ్డ ఆవిడ చేతిలో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరి నోటా మాట వచ్చేది కాదు. ఒకనాడు పక్కింటావిడతో గుమ్మంలో నిలబడి, ఇన్నేళ్ళూ లేని రోగం ఈ నెలలోనే వచ్చిందండీ దీనికి అని అంటుంటే అచ్చక్క మంచం మీద నుంచే విన్నది. ‘ఈ నెలలో’ అన్నచోట మరదలి గొంతు చిన్నగా ఆగింది. ఆ ఆగడం చాలు. కామా ఎక్కడ పడిందో అచ్చక్కకు వేరే చెప్పనక్కర్లేదు.

అప్పటి నుంచి ఆమె మంచినీళ్ళ సీసా మంచం కింద పెట్టుకుంది. ఫ్రిజ్‌లో నీళ్ళు తాగడం మానేసింది. పెరుగు కావాలన్నా అడిగి వేయించుకునేది. ఐసు కోసం తప్ప ఆ తలుపు ముట్టుకోలేదు. అయినా కూరల అర కింద నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

ఒక సాయంత్రం మరదలు బడి సంచీ దించకుండానే హాల్లోకి వచ్చి నిలబడింది. చెప్పాల్సింది దారంతా కూర్చుకుంటూ వచ్చినట్టుంది, తడుముకోకుండా చెప్పింది.

“వదినా, ఏమీ అనుకోకండి. కొన్నాళ్ళు ఫ్రిజ్‌కి తాళం వేసి చూద్దామనుకుంటున్నా. పగలు ఎవరూ తీయకపోతే నీళ్ళొస్తాయో రావో తేలిపోతుంది కదా.”

“పగలు ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే కదమ్మా,” అంది అచ్చక్క.

“అందుకే ముందు చెబుతున్నా.”

తమ్ముడు అప్పుడు కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాడు. అచ్చక్క అతని వైపు చూసింది. అతను పేజీ తిప్పాడు. ఆ ఫ్రిజ్‌కు తాళం ఉంటుందన్న సంగతే ఇంట్లో ఎవరికీ పట్టలేదు ఇన్నేళ్ళూ. తాళంచెవి ఎక్కడుందో మరదలికి తెలియదు. అల్మారా సొరుగులన్నీ వెతికి, పాత రిమోట్ల మధ్య నుంచి దాన్ని తీసి భార్య చేతిలో పెట్టింది తమ్ముడే.

ఆ రోజుల్లో అచ్చక్క మోకాలు మళ్ళీ వాచింది. ఐసు సంచీ తాళం వెనకాల ఉండిపోయింది. అది లోపల ఉందన్న సంగతి మరదలు మరిచిపోయింది. అచ్చక్క గుర్తుచేయలేదు. గుర్తుచేస్తే, ఆ వంకతో తాళం తీయించుకోవాలని చూస్తోందనుకుంటారేమోనని ఆమె భయం. మధ్యాహ్నాలు తువ్వాలు కుళాయి నీళ్ళలో తడిపి మోకాలికి చుట్టుకుని, అది వెచ్చబడితే మళ్ళీ తడుపుకుని పడుకునేది. తమ్ముడు ఒకసారి ఆ వాపు చూసి, ఐసు పెట్టుకోవడం లేదా అని అడిగాడు. తాళం సంగతి చెప్పింది. “తీయమని అడగొచ్చు కదక్కా,” అన్నాడు, తప్పంతా అడక్కపోవడంలోనే ఉన్నట్టు.

తాళం వేసినా నీళ్ళు ఆగలేదు. అంతకుముందు ఎన్ని వచ్చేవో అన్నే వచ్చాయి.

మరదలు లెక్కల మనిషి. మొదటి రెండు రోజులూ ఆవిడ పాత చెమ్మేమో అనుకుంది. తర్వాత గుడ్డ పట్టుకుని ఆ నీళ్ళ ముందు కాసేపు ఊరికే కూర్చుంది. లేచి తాళం తీసేసింది. ఆ పూట భోజనాల దగ్గర అచ్చక్కకు కూర రెండోసారి తనే వడ్డించింది. ఆ వెంటనే, మెకానిక్‌ను పిలుస్తున్నానని మొగుడితో చెప్పింది. తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు, వచ్చే వారం తీసుకొస్తానన్నాడు తమ్ముడు. అక్కర్లేదంది ఆవిడ. బడిలో ఎవరినో అడిగి నంబరు సంపాదించి, ఆదివారం పొద్దున రమ్మని తనే ఫోను చేసింది.

మెకానిక్ చెప్పిన వేళకు రాలేదు. వచ్చాక కూడా సగంసేపు ఫోనులో ఇంకెవరితోనో గొడవపడుతూనే ఉన్నాడు. సంచీ నేల మీద పడేసి, అరలన్నీ బయటికి తీయించి, లోపల వెనక గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆ గోడకు పట్టిన చెమ్మ కిందికి జారి, కూరల అర పైనున్న చిన్న కాలువలో పడి, అక్కడి కంతలోంచి వెనక గొట్టంలోకి పోవాలన్నాడు. గొట్టం కింద మోటారు మీద ఒక తొట్టి ఉంటుంది, నీళ్ళు అందులో చేరి మోటారు వేడికి ఆవిరైపోతాయి. నీళ్ళు లోపలే నిలబడుతున్నాయంటే ఆ దారి ఎక్కడో మూసుకుపోయింది. మామూలుగా కొత్తిమీర ఆకో, కవరు ముక్కో అడ్డం పడుతుంది. సన్నటి తీగ కంతలోకి పోనిచ్చాడు. అది కొంతదూరం సాఫీగా దిగి, ఆ పైన కదలనని మొండికేసింది.

“వెనక చూడాలి. లాగండి సార్, ఒక చెయ్యి వెయ్యండి,” అన్నాడు.

తమ్ముడు కదలలేదు. ఫ్రిజ్ లాగితే పలకలు గీసుకుపోతాయని ఏదో అన్నాడు. మెకానిక్ అతని కోసం ఆగకుండా తనే ఒక పక్కకు జరిపాడు. మరదలు రెండో పక్క పట్టింది. ఫ్రిజ్ కీచుమంటూ ముందుకొచ్చింది. అచ్చక్క కర్ర మీద ఆనుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

వెనక దుమ్ము పెద్దగా లేదు. మెకానిక్ సెల్‌ఫోను దీపం వేసి కిందికి వంగాడు. తొట్టి ఒక మూల పగిలి ఉంది. దాని పైనున్న గొట్టం విరిగింది. విరిగినచోట ఎవరో టేపు చుట్టారు, ఒక చుట్టు కాదు, మీద మీద బోలెడు చుట్లు. ఆ బిగువుకు గొట్టం మూతి అణిగిపోయింది. చుక్క నీరు దిగే సందు లేదు.

“ఇదెవరు చుట్టారండీ? విరిగితే మార్చాలి గానీ పీక నొక్కితే ఎలా?”

చెప్పనక్కర్లేకుండానే అందరికీ కనిపిస్తోంది. ఎర్రచారల టేపు. దాని పొడుగునా తమ్ముడు పనిచేసే పార్శిల్ ఆఫీసు పేరు అచ్చయి ఉంది.

మెకానిక్‌కు అందులో వింతేమీ లేదు. ఫ్రిజ్ జరిపేటప్పుడు వెనక్కి ఒరగేసి లాగి ఉంటారు, గొట్టం గోడకో గుమ్మానికో కొట్టుకుని విరిగి ఉంటుంది, అందరిళ్ళలో జరిగేదేనన్నాడు. టేపు కోసేసి, సంచీలోంచి కొత్త గొట్టం తీసి బిగించాడు. పగిలిన తొట్టికి ఏదో జిగురు పూశాడు. కంతలో గ్లాసుడు నీళ్ళు పోస్తే అవి గడగడా వెనక్కి దిగిపోయాయి. చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక కూడా అరలన్నీ నేల మీదే ఉన్నాయి. మరదలు ఎర్రచారల టేపు ముక్క చేతిలోకి తీసుకుని మొగుడి ముందు నిలబడింది.

“ఎప్పుడు చుట్టారు?”

తమ్ముడు నీళ్ళు నమిలాడు. జరిపిన రోజే విరిగిందన్నాడు. టేపు చుడితే సరిపోతుందనుకున్నానన్నాడు. తర్వాత చెబుదామనే అనుకున్నాననీ, ఈలోగా మాట పెద్దదైపోయిందనీ అన్నాడు.

“తాళంచెవి వెతికిచ్చారు. అప్పుడు కూడా తెలుసు మీకు.”

“నేనని తెలిస్తే నువ్వు ఊరుకుంటావా? అసలే అక్కను తెచ్చానని నా మీద గుర్రుగా ఉన్నావు. ఇదొకటి కూడానా అనుకున్నా.” అతను అక్క వైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది. “నువ్వయితే పడతావులే అనుకున్నానక్కా. నువ్వు నాదానివి కదా.”

ఆ మాట అతను క్షమాపణగానే చెప్పాడు. అతని మొహం చూస్తే అది తెలుస్తోంది. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి వచ్చి ఆమె వెనకాల నక్కినప్పుడు ఏ మొహం ఉండేదో ఇదీ అదే మొహం. అప్పుడు ఆమె నవ్వుతూ ఆ నేరం తన మీద వేసుకునేది. అతనికి అది గుర్తుంది కాబోలు. ఆమెకు మాత్రం ఇప్పుడు నవ్వు రాలేదు. మోకాలు సలుపుతోంది. కర్ర మీద భారం వేసి నిలబడడమే కష్టంగా ఉంది.

ఆమె మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి మరదలు వచ్చి పక్కనే నిలబడింది. చేతులు తడిగా ఉన్నాయి, చీర కొంగుకు తుడుచుకుంటోంది. తుడవడం అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

“వదినా, నేనన్నవన్నీ...” అని ఆగిపోయింది.

“అన్నావు. అయిపోయింది. ఇప్పుడెందుకులే.”

“అబద్ధం చెప్పలేను వదినా. నీళ్ళు కాకపోతే ఇంకోటేదో పట్టుకుని అనేదాన్నేమో. ఆయన నన్నొక మాట అడగలేదు. ఆ కోపం మీ మీదకే పోతోందని నాకూ తెలుస్తూనే ఉంది.”

అచ్చక్క ఆవిడ మొహం వంక మొదటిసారిగా నిదానంగా చూసింది. ఆ నెలంతా ఆ ఇంట్లో ఎవరైనా సూటిగా చెప్పిన మాట ఇదొక్కటే. అది వింటే కడుపు చల్లబడలేదు సరికదా, ఇంకా మండింది. అయినా మనసులో ఎక్కడో ఆవిడ మీద కాస్త గౌరవం కలిగింది. తమ్ముడి మీద ఎంత వెతుక్కున్నా కలగలేదు.

ప్రెస్సులో ఆమెతో పాటు బైండింగు చేసిన ఒకావిడ ఒంటరిగా ఉంటోంది. మెట్లు లేని ఇల్లు, ఒక గది, ముందు చిన్న వసారా. ఫోను చేస్తే, ఎప్పుడొస్తావు అని తప్ప ఇంకేమీ అడగలేదావిడ. కాలు పూర్తిగా నయం కాకుండానే అచ్చక్క బట్టలు సర్దుకుంది. మరదలు ఉండమని బతిమాలలేదు. ఐసు సంచీని తువ్వాల్లో చుట్టి, దారిలో కరిగినా బట్టలు తడవకుండా కవరులో పెట్టి ఇచ్చింది.

తమ్ముడు ఆటోలో వెంట వచ్చాడు. దారంతా ఎండ గురించీ, ఆఫీసు గురించీ మాట్లాడాడు. ఇల్లు దగ్గరపడుతుండగా గొంతు తగ్గించి, చుట్టాలెవరైనా అడిగితే నా ఇష్టపూర్వకంగానే వెళ్ళానని చెప్పక్కా అన్నాడు.

“ఎవరడుగుతార్రా?” అంది అచ్చక్క.

ఆమె అన్నట్టే ఎవరూ అడగలేదు.

మోకాలు బాగుపడింది. కర్ర లేకుండా వీధి చివరి దాకా నడవగలుగుతోంది. మరదలు ఎప్పుడైనా బడి నుంచి వస్తూ పది నిమిషాలు వసారాలో కూర్చుని వెళుతుంది. పరీక్ష పేపర్ల గురించో, కూతురి చదువు గురించో మాట్లాడుతుంది. ఇద్దరూ స్నేహితులేం కాలేదు. ఒకరి ముందు ఒకరు నటించాల్సిన పని లేకపోవడమే వాళ్ళకు మిగిలింది. తమ్ముడు ఆదివారాలు ఫోను చేస్తాడు. ఎలా ఉన్నావంటే బాగున్నానంటుంది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆమె ఏ పనీ ముట్టుకోదని బైండింగు ఆవిడ గమనించింది.

చాలా రోజుల తర్వాత పిన్ని కూతురు తన ఇంట్లో చుట్టాలందరినీ భోజనానికి పిలిచింది. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. తమ్ముడు మంచి హుషారుగా ఉన్నాడు. ఎవరో కరెంటు బిల్లుల గురించి మాట తీస్తే, అక్కడి నుంచి సంభాషణ ఫ్రిజ్‌ల మీదికి పాకింది.

“మా ఇంట్లో అయితే అచ్చక్క వచ్చినన్నాళ్ళూ ఫ్రిజ్ ఒకటే ఏడుపు,” అన్నాడు తమ్ముడు. “కళ్ళు తుడవలేక మా ఆవిడ చచ్చింది. అక్క అటు వెళ్ళిందో లేదో, ఇటు టక్కున ఏడుపు ఆగింది.”

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. అతను అక్క వైపు చనువుగా చూశాడు, ఆమె కూడా నవ్వుతుందన్న ధీమాతో.

“గొట్టం విరగ్గొట్టింది నువ్వు కదరా,” అంది అచ్చక్క. గొంతు పెంచలేదు. “విరగ్గొట్టి, టేపు చుట్టి, నోరు మూసుకుని కూర్చున్నావు. నా మీదికి వస్తుంటే చూస్తూ ఊరుకున్నావు.”

అప్పుడు తమ్ముడే ముందుగా పకపకా నవ్వాడు. చూశారా, ఎంతైనా ప్రూఫులు దిద్దిన చెయ్యి, తప్పు దొరికితే వదలదు అన్నాడు. ఆ మాటకు పిన్ని కూతురు నవ్వింది. ఆమె భర్త నవ్వాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు. అక్కాతమ్ముళ్ళ వేళాకోళం చూడముచ్చటగా ఉందని ఎవరో పెద్దాయన మెచ్చుకున్నాడు.

మరదలు సగం తిన్న పళ్ళెం వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. అచ్చక్క లేవలేదు. వడ్డించింది వడ్డించినట్టే చివరిదాకా తిని, పిన్ని కూతురికి వెళ్ళొస్తానని చెప్పి, తమ్ముడు దించుతానంటే వద్దని, బస్సులో ఇంటికి వెళ్ళింది. ఆ ఆదివారం అతను ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు. తర్వాతి ఆదివారం అతను చేయలేదు.